ఏడో మెట్టు మీద ఆట: నాన్నతో విట్బీ ప్రయాణం

శుక్రవారం

మాంచెస్టర్ విక్టోరియా స్టేషన్‌లో యార్క్ రైలు కోసం నిలబడ్డప్పుడు నాన్న అడిగిన మొదటి ప్రశ్న, "ఇంతకీ ఈ మ్యాచ్‌కు ఎంతమందొస్తరురా?"

"ఐదారు వందల మంది రావచ్చు నాన్నా."

"వందలా?" అని నా మొహంలోకి చూశాడు. "ఐదొందల మంది చూసే ఆటకు మూడు రాత్రులు హోటలా?"

మా ఫుట్‌బాల్ క్లబ్ ఆట ఈసారి విట్బీలో, ఉత్తర యార్క్‌షైర్ సముద్రతీరపు ఊళ్ళో, విట్బీ టౌన్ జట్టుతో. నిజానికి ఒక్కరోజులో పోయి రావచ్చు. మా క్లబ్ ఎఫ్‌సీ యునైటెడ్ అభిమానులంతా శనివారం పొద్దున కోచ్ బస్సు ఎక్కి, ఆట చూసుకుని, రాత్రికి ఇల్లు చేరతారు. నాన్నకి డెబ్భై ఏళ్ళు. మోకాళ్ళ నొప్పి. పైగా ఆ ఊళ్ళో సముద్రం ఉంది, ఆ ఊరికి ఒక చిన్న రైలు ఉంది. నాన్న రిటైర్డ్ స్టేషన్ మాస్టర్. సికింద్రాబాద్ నుంచి వచ్చి నెల దాటినా మా ఇంటి కిటికీలోంచి ట్రామ్ తప్ప ఏదీ చూడలేదు. అందుకే సోమవారం కూడా సెలవు పెట్టాను. అమ్మకీ నా భార్యకీ ఫుట్‌బాల్ మీద ఏ ఆశా లేదు. అమ్మ సకినాల డబ్బా ఒకటి చేతిలో పెట్టి, "ఆయనకు మఫ్లర్ తియ్యనియ్యకు" అని చెప్పి తలుపేసుకుంది.

రైల్లో కూర్చున్నాక మళ్ళీ మొదలు. "మాంచెస్టర్ యునైటెడ్ తెలుసు. సిటీ తెలుసు. ఈ ఎఫ్‌సీ యునైటెడ్ ఏంది?"

ఈ కథ నేను ఆఫీసులో చాలాసార్లు చెప్పాను గానీ నాన్నకి చెప్పడం కష్టమైంది. 2005లో అమెరికాకి చెందిన గ్లేజర్ కుటుంబం మాంచెస్టర్ యునైటెడ్‌ని కొన్నప్పుడు, కొనడానికి చేసిన అప్పులో చాలా భాగం క్లబ్ నెత్తి మీదే పడింది. కడుపు మండిన అభిమానుల్లో కొందరు బయటికొచ్చి సొంతంగా ఒక క్లబ్ పెట్టుకున్నారు. అదే ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్. చాలా కింది లీగ్ నుంచి మొదలుపెట్టి వరసగా మూడేళ్ళు మూడు మెట్లెక్కారు. పదేళ్ళు పక్క ఊళ్ళ గ్రౌండ్లలో అద్దెకు ఆడి, 2015లో మోస్టన్‌లో సొంత గ్రౌండ్ కట్టుకున్నారు. చొక్కా మీద ఏ కంపెనీ పేరూ ఉండదు. సభ్యత్వం కట్టినవాళ్ళందరూ ఓనర్లే. ఎంత డబ్బిచ్చినా ఒకరికి ఒకే ఓటు.

"నువ్వు కట్టినవా?"

"కట్టాను."

"అంటే నువ్వు ఓనర్‌వా?" అని నవ్వి, ఎదుటి సీటావిడకి కూడా వినపడేలా, "సౌత్ సెంట్రల్ రైల్వే ఎంప్లాయీస్ కో-ఆపరేటివ్ సొసైటీలో నేనూ ఓనర్‌నే. ఒక్క కుర్చీ కూడా నా పేరు మీద లేదు" అన్నాడు.

నేను ఊరుకున్నాను. కాసేపటికి ఆయనే, "హైదరాబాద్ ఎఫ్‌సీకి గిట్ల సొసైటీ ఉంటే బాగుండు" అన్నాడు. ఆ బాధ నాకు తెలుసు. 2022 మార్చిలో గోవాలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు గెలిచిన రాత్రి నాన్న నాకు ఫోన్ చేసి పది నిమిషాలు అరిచాడు. నాలుగేళ్ళు తిరక్కుండానే, 2025లో, ఆ క్లబ్ ఢిల్లీకి పోయి పేరు కూడా మార్చుకుంది. ఓనర్లు మారారు, ఊరు మారింది. గచ్చిబౌలిలో స్టేడియం మాత్రం ఎక్కడికీ పోలేదు.

యార్క్‌లో దిగి 840 నంబరు బస్ ఎక్కాం. లీడ్స్ వైపు నుంచి వచ్చి, ఉత్తర యార్క్‌షైర్ మీదుగా సముద్రం దాకా పోయే రూటు ఇది. 2018లో దీన్ని బ్రిటన్‌లోనే అందమైన బస్ రూటుగా ఎన్నుకున్నారు. టికెట్ మూడు పౌండ్లు. ఇంగ్లండ్‌లో చాలా బస్సులకి ఇప్పుడు అంతకు మించి తీసుకోకూడదని పరిమితి ఉంది. రెండు గంటలకు పైగా పట్టే ప్రయాణానికి మూడు పౌండ్లే అనేసరికి నాన్న డ్రైవర్ దగ్గర మళ్ళీ ఒకసారి అడిగి నిర్ధారించుకున్నాడు.

డబుల్ డెక్కర్. పై అంతస్తులో ముందు సీటు ఖాళీగా దొరికింది. మోకాళ్ళ సంగతి మర్చిపోయి నాకంటే ముందు నాన్నే ఎక్కాడు. సికింద్రాబాద్ నుంచి జూ పార్కుకి పోయే 7జెడ్ డబుల్ డెక్కర్‌లో ఇదే సీటు కోసం నేను ఏడ్చేవాణ్ణట. ఆయన కూడా ఏడ్చేవాడేమో, ఇవాళ తెలిసింది.

మాల్టన్, పికరింగ్ దాటేదాకా మామూలు పొలాలే. తర్వాత రోడ్డు ఎక్కడం మొదలుపెడుతుంది, చెట్లు పలచబడతాయి, ఆ పైన అంతా గోధుమరంగు పొదల మైదానం. మూర్స్ అంటారు. ఒకచోట రోడ్డు పక్కనే నేల ఉన్నట్టుండి గిన్నెలా లోతుకు దిగిపోయింది. హోల్ ఆఫ్ హార్కమ్. వేడ్ అనే రాక్షసుడు పెళ్ళాం మీద కోపమొచ్చి, విసరడానికి ఇక్కడి మట్టిని పిడికెడు పెరికాడని కథ. గురి తప్పిందట. "మన దగ్గరైతే భీముడి ఖాతాల రాస్తుంటిమి" అన్నాడు నాన్న. ఇంకొంచెం ముందుకెళ్తే ఖాళీ కొండల మధ్య తల నరికిన పిరమిడ్ లాంటి కాంక్రీటు కట్టడం. ఫైలింగ్‌డేల్స్, క్షిపణులొస్తే ముందే పసిగట్టే సైనిక రాడార్. ఒకప్పుడు అక్కడ గోల్ఫ్ బంతుల్లాంటి మూడు పెద్ద గోళాలుండేవి.

విట్బీలో దిగేసరికి సాయంత్రం. గాలి ఎటునుంచి కొడుతోందో తెలియలేదు. అన్ని వైపుల నుంచీ కొడుతోంది. క్యాలెండర్ ప్రకారం వసంతం.

రాత్రి భోజనం ఒక పరీక్ష. చేపలూ చిప్స్‌కి ఈ ఊరు పెట్టింది పేరు. నాన్న చేప తింటాడు, గొడ్డు మాంసం ముట్టడు. యార్క్‌షైర్‌లో పాతకాలం పద్ధతి ఏంటంటే, చేపని గొడ్డు కొవ్వులో వేయిస్తారు. బీఫ్ డ్రిప్పింగ్ అని బోర్డు మీద గర్వంగా రాసుకుంటారు కూడా. మొదటి రెండు షాపుల ముందు బోర్డు చదివి నేను ఏదో సాకు చెప్పి ముందుకి నడిపించాను. మూడో షాపు దగ్గర నాన్న ఆగి, "అసలు సంగతి చెప్పు" అన్నాడు. చెప్పాను. కాసేపు ఆలోచించి, "అడుగుదాం, అడిగితే తప్పేముంది" అని లోపలికి పోయి, ఏ నూనె అని అడిగాడు. ఆ అమ్మాయి విసుక్కోలేదు. తమది డ్రిప్పింగే గానీ, రేవు వైపు ఫలానా చోట కూరగాయల నూనెలో వేయిస్తారని దారి చెప్పింది. హాడక్ చేప, అరచేతికి రెండింతలుంది, పైన పెంకు కరకరలాడుతోంది. నాన్న సగం తిని, "ఉప్పు లేదు, కారం లేదు, కానీ చేప మాత్రం పొద్దున పట్టిందే" అన్నాడు. ఆయన నోట అది పెద్ద మెచ్చుకోలే.

శనివారం

నాన్-లీగ్ అంటే ఏమిటో పొద్దున టీ తాగుతూ రుమాలు మీద మెట్లు గీసి చూపించాను. పై మెట్టు ప్రీమియర్ లీగ్. దాని కింద ఇంకో మూడు. ఈ నాలుగింటిలో కలిపి 92 క్లబ్బులు. ఐదో మెట్టు నుంచి కిందికి ఉన్నదంతా నాన్-లీగే. 1987 నుంచి ఐదో మెట్టులో మొదటొచ్చినవాళ్ళకి నేరుగా పైకెక్కే దారి తెరిచారు. అంతకు ముందు పైవాళ్ళ ఓట్లతో గానీ లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. మేం, విట్బీ టౌన్ ఉన్నది ఏడో మెట్టు, నార్తర్న్ ప్రీమియర్ లీగ్. ఇక్కడి ఆటగాళ్ళకి ఆట మీద కొంత డబ్బొస్తుంది, అది ఇల్లు గడవడానికి చాలదు. వారమంతా వేరే ఉద్యోగాలు చేసుకుని మంగళవారం, గురువారం రాత్రులు ప్రాక్టీస్‌కి వస్తారు.

"రైల్వేస్ టీం లెక్క" అన్నాడు నాన్న. రుమాలు మీద గీసిన దానికంటే ఆ ఒక్క మాట సరిపోయింది.

అప్‌గ్యాంగ్ లేన్‌లోని టర్న్‌బుల్ గ్రౌండ్‌కి ఒంటిగంటన్నరకే చేరాం. పైన పడమటి కొండ అంచు, చుట్టుపక్కల ఇళ్ళు, మధ్యలో గ్రౌండ్. ఒక్కొక్కరే దూరే ఇనుప తిరుగుడు గేటు, టర్న్‌స్టైల్, సందులోంచి దూరేటప్పుడు నాన్న జేబులు తడుముకున్నాడు, ఎవరైనా తనిఖీ చేస్తారేమోనని. ఎవరూ చేయలేదు. లోపలున్న పెద్దాయన టికెట్ డబ్బు తీసుకుని, ఎక్కడి నుంచి వచ్చారని అడిగి, సికింద్రాబాద్ అని నాన్న చెబితే, "అయితే ఇవాళ్టి దూరం రికార్డు మీదే" అన్నాడు.

క్లబ్ హౌస్ లోపల వెచ్చగా ఉంది. మావాళ్ళు ఎరుపు, తెలుపు, నలుపు స్కార్ఫులతో ఒక పక్క, విట్బీ నీలం ఇంకో పక్క. మధ్యలో గీత ఏమీ లేదు. బార్ దగ్గర వరసలో కలిసే నిలబడ్డారు. మా బల్ల దగ్గర ఖాళీ కుర్చీలో విట్బీ అభిమాని ఒకాయన కూర్చున్నాడు. నాన్న వయసుకి నాలుగైదేళ్ళు పైనే ఉంటాడు. క్రికెట్ గురించి అడిగాడు, పాపం మర్యాదకి. ఇండియా అనగానే అందరూ అదే అడుగుతారు. నాన్న ఆ బంతిని వదిలేశాడు.

"క్రికెట్ మా అబ్బాయిని అడగండి. నన్ను ఫుట్‌బాల్ అడగండి" అని మొదలుపెట్టాడు. 1948 ఒలింపిక్స్‌లో ఇండియా జట్టు ఇదే దేశంలో, లండన్ పక్కన ఇల్‌ఫర్డ్‌లో, ఫ్రాన్స్‌తో ఆడింది. చాలామంది బూట్లు లేకుండా, ఉత్త కాళ్ళతో. రెండు పెనాల్టీలు పోగొట్టుకుని 2-1తో ఓడిపోయారు. ఎనిమిదేళ్ళ తర్వాత 1956లో మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకం. ఆ రెండు జట్లకీ కోచ్ ఒక్కడే, సయ్యద్ అబ్దుల్ రహీం. "మా హైదరాబాద్ మనిషి. స్కూల్ టీచర్. హైదరాబాద్ పోలీస్ జట్టుకు కోచ్. 1950 నుంచి వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు ఎవరికీ ఇయ్యలె."

ఇంగ్లీషులో మొదలై "ఇయ్యలె" దగ్గరికొచ్చేసరికి తెలుగైపోయింది. విట్బీ పెద్దాయన తల ఊపుతూనే ఉన్నాడు. తర్వాత తన వంతు. 1965లో లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో విట్బీ ఆడిన అమెచ్యూర్ కప్పు ఫైనల్, హెండన్ చేతిలో 3-1తో ఓటమి. అప్పుడు తను కుర్రాడు, ఇంటికొచ్చేదాకా ఏడ్చాడట. 1997లో మళ్ళీ వెంబ్లీ, చిన్న క్లబ్బుల కప్పు ఎఫ్‌ఏ వాజ్ ఫైనల్, నార్త్ ఫెరిబీ మీద 3-0తో గెలుపు. అప్పుడు కూడా ఏడ్చాడట. ఇద్దరూ చెప్పుకున్న తేదీల్లో ఒక్కటి కూడా ఈ శతాబ్దానిది కాదు. ఇద్దరూ హాయిగా ఉన్నారు.

మూడింటికి ఆట. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం మూడింటికి అన్ని మెట్ల మీదా ఆటలు జరుగుతాయి. ఆ వేళకి జరిగే ఏ ఆటనీ టీవీలో ప్రత్యక్షంగా చూపించరు. జనం ఇంట్లో కూర్చుని పెద్ద జట్లని చూస్తే ఇలాంటి చిన్న గ్రౌండ్లు ఖాళీ అవుతాయని దశాబ్దాల క్రితం పెట్టుకున్న కట్టుబాటు. ఇంకా నడుస్తోంది.

గోల్ వెనక రెయిలింగ్‌కి మావాళ్ళు జెండాలు కట్టారు. పాటలు మొదలయ్యాయి, అవి తొంభై నిమిషాలు ఆగవు. గెలుస్తున్నా ఓడుతున్నా ఒకే గొంతు. నాన్న గోల్ వెనక ఉండనన్నాడు, పక్క గీత దగ్గర రెయిలింగ్ కావాలన్నాడు. "ఆట పక్క నుంచి చూస్తేనే తెలుస్తది." సరేనని అక్కడే నిలబడ్డాం. రెయిలింగ్‌కీ గీతకీ మధ్య రెండంగల దూరం. త్రో-ఇన్ వేసే కుర్రాడి మెడ మీద చెమట కనిపిస్తుంది, ఊపిరి వినిపిస్తుంది. పక్కన ఒకాయన ప్లాస్టిక్ గ్లాసులో బీరు తాగుతూ చూస్తున్నాడు. పై మెట్లలో గ్రౌండ్ కనిపించే చోట మందు తాగడం చట్టరీత్యా నేరం. ఇక్కడికి ఆ చట్టం రాదు.

ఆట గురించి నిజం చెప్పాలంటే మొదటి అరగంట ఆడింది గాలే. మా గోల్‌కీపర్ పైకి తన్నిన బంతి సగం దూరం పోయి, ఆలోచించుకుని, వెనక్కొచ్చింది. నాన్నకి ఓపిక పోయింది. "నేల మీద ఆడండ్రా, నేల మీద. ఆకాశంల ఎవరున్నరు?" అని తెలుగులోనే అరవడం మొదలుపెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళకి అర్థం కాలేదు గానీ చెయ్యి చూపిస్తున్న తీరు చూసి, "పెద్దాయన సరిగ్గా చెప్పాడు" అన్నారు.

మా ముందు లైన్‌లో ఆడుతున్నది మా జట్టు కుర్రాడే, ఎడమ పక్క వింగర్. పాతికేళ్ళుంటాయి. వేగం బాగుంది. కానీ బంతి ఎడమ కాలికి వచ్చిన ప్రతిసారీ ఆగి, సర్దుకుని, కుడి కాలికి తెచ్చుకుంటున్నాడు. ఈలోపు విట్బీ డిఫెండర్ వచ్చేస్తున్నాడు. మూడుసార్లు అలాగే జరిగింది. నాన్న మూడుసార్లూ నాలుక చప్పరించాడు. రహీం సాబ్ కుర్రాళ్ళకి వాడని కాలితో మాత్రమే ఆడాలని పోటీలు పెట్టేవాడట. తాతయ్య లాలాగూడ వర్క్‌షాప్‌లో పని చేస్తున్న రోజుల్లో విన్న కథ, నాన్నకి చెప్పాడు, నాన్న నాకు చెప్పాడు. మా ఇంటి వెనక సందులో నేను కూడా కుడి కాలికి గుడ్డ కట్టుకుని ఆడినవాణ్ణే.

నాలుగోసారి బంతి బయటికి పోయింది. త్రో కోసం ఆ కుర్రాడు మా ముందుకే వచ్చాడు. నాన్న రెయిలింగ్ మీదికి వంగి, "లెఫ్ట్ లెగ్! వై నో లెఫ్ట్ లెగ్?" అన్నాడు. కోపంగా కాదు, టికెట్ లేని ప్రయాణికుణ్ణి అడిగినట్టు.

నాకు ప్రాణం పోయినంత పనైంది. ఆ కుర్రాడు ఆగాడు. తన ఎడమ కాలి వైపు ఒకసారి చూసుకుని, "అది నిలబడటానికే సార్" అని బంతి తీసుకుని త్రో వేసి పరుగెత్తాడు.

చుట్టూ పగలబడి నవ్వారు. నాన్న నవ్వలేదు, కానీ వెలిగిపోయాడు. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో నేనొకసారి డెబ్భై వేల మందికి పైగా జనంలో కూర్చుని గొంతు పోయేలా అరిచాను. ఆ రోజు నా మాట నా పక్క సీటువాడికి కూడా చేరలేదు, వాడు ఫోన్‌లో వీడియో తీసుకుంటున్నాడు. అదీ ఇదీ పోల్చకూడదనుకుంటూనే పోల్చాను.

హాఫ్ టైమ్ విజిల్ పడగానే మావాళ్ళు జెండాలు విప్పి మడతలు పెట్టడం మొదలుపెట్టారు. నాన్న కంగారుపడ్డాడు. "ఏందిరా, పోతున్నరా? అయిపోయిందా?"

"లేదు నాన్నా, గోల్ మారుతున్నారు. రెండో సగంలో మనవాళ్ళు అటువైపు గోల్ కొట్టాలి కదా, ఆ గోల్ వెనక్కి వెళ్తారు."

"విట్బీవాళ్ళు?"

"వాళ్ళు ఇటొస్తారు."

"మరి పోలీసులు ఏమనరా?"

పోలీసులు ఎక్కడున్నారో చుట్టూ చూసి, లేరని ఆయనే గమనించాడు. టీ కొట్టు దగ్గర రెండు గుంపులూ ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి దాటాయి, పిల్లలు తప్పిపోకుండా చేతులు పట్టుకుని. తెలిసినవాళ్ళు పలకరించుకున్నారు. క్లబ్ హౌస్‌లో పరిచయమైన పెద్దాయన మా దగ్గర ఆగి, నాన్న తెరిచిన డబ్బాలోంచి ఒక సకినం తీసుకుని, చుట్లు లెక్కపెట్టి, కొరికి, "దీంట్లో చేప ఉందా?" అని అడిగాడు. నువ్వులు అని చెప్పాను. ఇంకోటి తీసుకున్నాడు. పై మెట్లలో రెండు జట్ల అభిమానుల మధ్య ఖాళీ సీట్ల వరసలు, పసుపు కోట్ల సెక్యూరిటీ ఉంటాయి. ఇక్కడ గోల్ మారడం అనేది ఎవరూ నేర్పని అలవాటు.

రెండో సగంలో గాలి మా వైపుంది. లాభం లేకపోయింది. వింగర్ ఇప్పుడు గ్రౌండ్‌కి అవతలి పక్క. నాన్న కదులుదామన్నాడు. మోకాళ్ళు నొప్పి పెడుతున్నా గ్రౌండ్ సగం చుట్టి వాడి ముందుకే పోయి నిలబడ్డాం. ఇంకో పావుగంట ఉందనగా బంతి వాడి ఎడమ కాలి ముందుకి దొర్లుతూ వచ్చింది. డిఫెండర్ దూరంగా ఉన్నాడు. కుడికి తెచ్చుకోవడానికి కావలసినంత టైముంది. వాడు తెచ్చుకోలేదు. ఎడమ కాలితో లాగి కొట్టాడు.

బంతి గోల్ మీంచి, మా జెండాల మీంచి, గోడ మీంచి బయటికి పోయింది. ఎక్కడ పడిందో తెలియదు. వాడు అక్కడే నిలబడి, వెనక్కి తిరిగి, మా వైపు వేలు చూపించాడు. తప్పంతా ఆయనదే అన్నట్టు. రెయిలింగ్ వెంట ఉన్నవాళ్ళంతా నాన్న వైపు తిరిగారు. నాన్న రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టాడు. "గట్ల! మళ్ళ కొట్టు!"

ఒక్క గోల్ తేడాతో ఓడిపోయాం. ఆ గోల్ ఎలా పడిందో రాయబుద్ధి కావడం లేదు. ఆట అయ్యాక మా జట్టు గోల్ వెనక్కి వచ్చి అభిమానులకి చప్పట్లు కొట్టింది. అభిమానులు ఓడిన జట్టుకి గెలిచినంత గట్టిగా పాడారు. కోచ్ ఎక్కాల్సినవాళ్ళు ఎక్కారు. మేమిద్దరం చలికి వణుకుతూ రేవు వైపు దిగాం. దారిలో నాన్న అన్నదొక్కటే, "పదేళ్ళప్పుడు పట్టుకుంటే బాగుపడేటోడు."

ఆదివారం

మెట్ల రోజు. రేవుకి అవతల కొండ మీద సెయింట్ మేరీ చర్చి, దాని వెనక పాడుబడ్డ అబ్బే, అంటే పాత క్రైస్తవ మఠం. పైకి 199 మెట్లు. ఎక్కినవాళ్ళందరూ లెక్కపెట్టడం ఆనవాయితీ. నాన్నకి 201 వచ్చాయి, నాకు 198. ఇద్దరం మళ్ళీ ఎక్కి తేల్చుకునే స్థితిలో లేం. మధ్యమధ్యలో వెడల్పాటి రాతి తిన్నెలున్నాయి. శవపేటిక మోసుకెళ్ళేవాళ్ళు భుజం మార్చుకోవడానికి కట్టినవట. నాన్న ప్రతి తిన్నె మీదా కూర్చుని, "నేను బతికుండగనే వాడుకుంటున్న" అన్నాడు.

అబ్బే 657లో మొదలైంది, హిల్డా అనే ఆవిడ దాని మొదటి పెద్ద. ఇప్పుడు కనిపించే గోడలు చాలా తర్వాతివి. కప్పు లేదు, కిటికీల్లోంచి మేఘాలు పోతుంటాయి. పదిహేను నిమిషాల్లో ఇద్దరికీ చాలనిపించింది. అంత చలిలో చరిత్ర ఎక్కువసేపు ఎక్కదు.

కిందికొచ్చాక కెప్టెన్ కుక్ అనే నావికుడి సంగతి. ఓడ పని నేర్చుకోవడానికి కుర్రాడిగా ఈ ఊరే వచ్చాడు. ఆయన్ని ఆస్ట్రేలియా దాకా తీసుకెళ్ళిన ఎండెవర్ ఓడ కూడా ఇక్కడే 1764లో తయారైంది, మొదట బొగ్గు మోయడానికి. "గూడ్స్ బండి అన్నమాట" అని నాన్న తేల్చేశాడు. మధ్యాహ్నం స్వింగ్ బ్రిడ్జి తెరుచుకుని ఒక చేపల పడవని పంపి మళ్ళీ మూసుకోవడం చూస్తూ నలభై నిమిషాలు నిలబడ్డాడు. అబ్బేకి పదిహేను, బ్రిడ్జికి నలభై. మనిషి ఉద్యోగం ఎక్కడికీ పోదు.

సోమవారం

విట్బీ స్టేషన్ నుంచి మిడిల్స్‌బ్రో పోయే రైలు రోజుకి కొన్నిసార్లే. రెండు పెట్టెల డీజిల్ బండి. నిజానికి ఈ ప్రయాణం మొత్తం నేను ఈ గంటన్నర కోసమే ప్లాన్ చేశాను. నాన్నకి చెప్పలేదు.

ఊరు దాటగానే తల మీద ఎత్తుగా ఇటుకల వంతెన, పదమూడు కమానులు. ఆ లైను 1965లో మూసేశారు, ఇప్పుడు దాని మీద సైకిళ్ళు పోతాయి. మా బండి ఎస్క్ నదిని ఇటొకసారి అటొకసారి దాటుతూ లోయలో నెమ్మదిగా పోతోంది. నాన్న కిటికీలోంచి పట్టాలనే చూస్తున్నాడు. "సింగిల్ లైన్" అన్నాడు మొదట. కాసేపటికి, "సిగ్నల్లేవి?" అన్నాడు.

గ్లేజ్‌డేల్ స్టేషన్‌లో బండి ఆగింది. డ్రైవర్ దిగి ప్లాట్‌ఫాం మీద ఉన్న చిన్న పెట్టె దగ్గరికి నడిచాడు. తాళం తీశాడు, ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడాడు, ఒక టోకెన్ లోపల పెట్టి ఇంకోటి తీసుకున్నాడు. నాన్న లేచి నిలబడ్డాడు.

"టోకెన్‌రా! టోకెన్ మారుస్తున్నడు!"

కామారెడ్డి వైపు మీటర్ గేజ్ లైన్లో నాన్న ఇరవై ఏళ్ళు చేసిన పని అదే. సింగిల్ లైన్ మీద ఎదురెదురుగా రెండు బళ్ళు రాకూడదంటే, ఆ ముక్కకి ఒక్క టోకెనే బయట ఉండాలి. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ బండే కదలాలి. నాన్న కాలంలో అది ఉక్కు బంతి, నీల్స్ బాల్ టోకెన్ మెషీన్‌లోంచి వచ్చేది. తోలు సంచిలో వేసి, బెత్తం రింగుకి కట్టి, ఆగకుండా పోయే బండి డ్రైవర్‌కి అందించేవాళ్ళు. చిన్నప్పుడు స్టేషన్ క్వార్టర్స్ నుంచి చూసేవాణ్ణి, రాత్రి పూట కాగడా వెలుగులో, ఆ రింగ్ ఇంజన్ వైపు ఎగరడం.

"మరి స్టేషన్ మాస్టర్ ఏడి?"

"లేడు నాన్నా. ఎక్కడో దూరంగా నన్‌థార్ప్ సిగ్నల్ క్యాబిన్‌లో ఒకాయన ఉంటాడు. ఇక్కడ డ్రైవరే తీసుకోవాలి."

ఆ పెట్టె వైపు చూస్తూ ఉండిపోయాడు. బండి కదిలాక, "నా ఉద్యోగం మొత్తం ఒక డబ్బాల పెట్టిండ్రు" అన్నాడు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. డబ్బాలో మిగిలిన సకినాలు చెరొకటి తిన్నాం.

బాటర్స్‌బీలో పట్టాలు అయిపోతాయి. అక్కడి నుంచి బండి వచ్చిన వైపుకే మొహం తిప్పి ఇంకో లైను పట్టుకుని మిడిల్స్‌బ్రోకి పోతుంది. ముందుకి వేరే దారి లేదు, ఎప్పుడో ఎత్తేశారు. ఇంజన్ ఆగింది. ఎక్కడా చప్పుడు లేదు, దూరంగా గొర్రెలు తప్ప. డ్రైవర్ తన బ్యాగు, ఫ్లాస్కు పట్టుకుని ముందు క్యాబిన్‌లోంచి దిగి, ప్లాట్‌ఫాం వెంట వెనక క్యాబిన్ వైపు నడవసాగాడు. మా కిటికీ ముందు నుంచి పోతుంటే నాన్న చెయ్యెత్తాడు. ఆయన కూడా ఎత్తాడు.

నాన్న మఫ్లర్ సర్దుకుని లేచాడు. ఖాళీ డబ్బా నా చేతికిచ్చి ఎదుటి సీట్లోకి, ఇప్పుడు బండి పోబోయే వైపుకి, మారి కూర్చున్నాడు.

"రారా, హాఫ్ టైమ్" అన్నాడు. "గోల్ మారాలె."